బరువైన క్లచ్ ఉన్న కారు నడపడం నేర్చుకోవాలంటే

మా అన్నయ్య ఉద్యోగం మీద దుబాయ్ వెళ్తూ తన కారు తాళం నా చేతిలో పెట్టాడు. 1.5 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్. కొన్నప్పుడు 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఇంజన్‌ని రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి, 330 దాకా పెంచాడు. అంత టార్క్‌కి పాత క్లచ్ ఆగలేదు. నాలుగో గేర్‌లో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేచేది, బండి వేగం మాత్రం పెరిగేది కాదు. దాంతో గేర్‌బాక్స్ దింపించి, గట్టి ప్రెషర్ ప్లేటుతో పెర్ఫార్మెన్స్ క్లచ్ వేయించాడు. "అమ్మలూ, క్లచ్ కొంచెం గట్టిగా ఉంటుంది, చూసుకో" అని ఒక్క మాట చెప్పి విమానం ఎక్కాడు.

పదిహేనేళ్ళుగా కార్లు నడుపుతున్నదాన్ని. అయినా మొదటి రోజు మా అపార్ట్‌మెంట్ గేటు దాటేలోపు మూడుసార్లు ఇంజన్ ఆగిపోయింది. గచ్చిబౌలి చేరేసరికి ఎడమ మోకాలు వణుకుతోంది. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, అందుకే నావల్ల కావడం లేదనుకున్నాను. కొన్నాళ్ళకి మా మరిది అదే కారు నేర్చుకుంటానన్నాడు. ఆరడుగుల మనిషి, రోజూ జిమ్‌కి వెళ్తాడు. "వదినా, ఇది క్లచ్చా, బ్రేకా?" అన్నాడు మొదటిసారి తొక్కి. తనకీ నాకొచ్చిన తిప్పలే వచ్చాయి. పది నిమిషాలకే కాలు లాగేసింది, బండి కప్పగంతులు వేసింది. అప్పుడు నాకు బాగా అర్థమైంది. ఈ క్లచ్‌కి కాలి బలం పెద్దగా అక్కరలేదు. పెడల్ పూర్తిగా కిందన్నా ఉండాలి, పూర్తిగా పైనన్నా ఉండాలి. మధ్యలో ఉండే సమయం ఎంత తగ్గితే మీ మోకాలికీ క్లచ్ ప్లేటుకీ అంత మంచిది. కింద రాసినవన్నీ ఆ సమయాన్ని తగ్గించుకునే పద్ధతులే.

ఇది మామూలు మాన్యువల్ కారు నడపడం వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను. రీమ్యాప్ చేసిన కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి, ఇంట్లోవాళ్ళ కారు నాలా చేతికి వచ్చినవాళ్ళకి పనికొస్తుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పాత సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, మస్టాంగ్ లాంటి స్పోర్ట్స్ కార్లు కొని, ముందటి యజమాని వేయించిన క్లచ్‌తో అవస్థ పడే మనవాళ్ళకి కూడా. అమెరికాలో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, గేరు కుడిచేత్తో వేయాలి. క్లచ్ మాత్రం ఏ దేశంలోనైనా ఎడమకాలికే. డ్రైవింగే కొత్తయితే ముందు మామూలు కారులో చెయ్యి తిరిగాక దీని దగ్గరికి రండి.

ముందు మీ క్లచ్ ఏ రకమో కనుక్కోండి

ఇంజన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు, ఆ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు ఉంటాయి. ప్రెషర్ ప్లేటులో గుండ్రటి డయాఫ్రమ్ స్ప్రింగ్ ఉంటుంది. మనం పెడల్ తొక్కినప్పుడు కాలు పోరాడేది ఆ స్ప్రింగ్‌తోనే. ఎక్కువ టార్క్ జారకుండా పట్టాలంటే తయారీదారు ముఖ్యంగా మూడింట్లో ఏదో ఒకటి చేస్తాడు. స్ప్రింగ్‌ని గట్టిది వేస్తాడు, లేదా ప్లేటు మీద ఇంకా బాగా కరుచుకునే పదార్థం వేస్తాడు, లేదా ఒకటికి రెండు ప్లేట్లు పెడతాడు. కొన్ని క్లచ్‌లలో ఇవి కలిసి కూడా ఉంటాయి.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, ఒక్కోదాని ఇబ్బంది ఒక్కోలా ఉంటుంది. గట్టి స్ప్రింగ్ అయితే పెడల్ బరువుగా ఉంటుంది, కాని క్లచ్ మెల్లగానే పడుతుంది. అక్కడ పని కాలిదీ సీటుదీ. సిరామిక్ ప్లేటు, అంటే ఆ బాగా కరుచుకునే పదార్థం వేసినది అయితే, పెడల్ అంత బరువు లేకపోయినా క్లచ్ ఒక్కసారిగా కరుచుకుంటుంది. అక్కడ పని కుడికాలిది, అంటే యాక్సిలరేటర్‌ది. మామూలు కార్లలో ఉండే, నారలూ రెసినూ కలిపి చేసిన ఆర్గానిక్ ప్లేటులో రెండు పొరల మధ్య అలలు తిరిగిన సన్నని స్ప్రింగ్ రేకులు ఉంటాయి. క్లచ్ వదులుతుంటే అవి కొద్దికొద్దిగా నలుగుతూ పట్టు మెల్లగా పెరిగేలా చేస్తాయి. పూరేకుల్లా విడివిడిగా ముక్కలు అతికించిన సిరామిక్ ప్లేట్లలో చాలావాటికి ఈ మెత్తదనం ఉండదు. మనం మెల్లగా వదిలామనుకుంటాం, అది మాత్రం టక్కున పట్టేస్తుంది.

క్లచ్ వేసిన మెకానిక్‌నో పాత యజమానినో బిల్లు, డబ్బా మీది పార్ట్ నంబర్ అడగండి. స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అన్న మాటల మీద ఆధారపడవద్దు. వాటికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు, ఒక కంపెనీ స్టేజ్ 2 ఇంకో కంపెనీ స్టేజ్ 3తో సమానం కావచ్చు. ప్లేటు ఆర్గానిక్కా, కెవ్లారా (ఒక రకం గట్టి నార), సిరామిక్కా? ఫ్లైవీల్ కూడా మార్చారా? ఈ రెండింటికీ జవాబు దొరికితే చాలు. బరువు తగ్గించిన ఫ్లైవీల్ వేసి ఉంటే, యాక్సిలరేటర్ వదలగానే ఆర్‌పీఎం చప్పున పడిపోతుంది, ఇంజన్ తేలిగ్గా ఆగిపోతుంది. అది మీ చేతకానితనం అనుకుని బెంగపడకండి.

ఒక్కోసారి పెడల్ బరువుకి కారణం కొత్త క్లచ్ కాకపోవచ్చు. పెడల్ తోపుని క్లచ్‌కి చేర్చే భాగాల్లో అరిగిన ఫోర్క్, ఎండిపోయిన పివట్, పాడైన స్లేవ్ సిలిండర్ ఉన్నా పెడల్ బిగుసుకుంటుంది. పెడల్ నెల నెలకీ బరువెక్కుతుంటే అలవాటు చేసుకోవడం మానేసి మెకానిక్‌కి చూపించండి.

సీటు, చెప్పులు, మ్యాట్లు

మోకాలి నొప్పిలో సగం సీటు దగ్గరే పోతుంది. క్లచ్‌ని నేలదాకా తొక్కి పట్టుకోండి. అప్పుడు మీ మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలి. కాలు తిన్నగా చాచుకుపోతే సీటు వెనక ఉన్నట్టు, బలమంతా పాదం కొసనుంచి వస్తుంది, పిక్క పట్టేస్తుంది. నేను మామూలు కారులో కూర్చునేదానికంటే సీటు రెండు గాట్లు ముందుకి జరిపాను, వెనక భాగాన్ని కాస్త నిటారు చేశాను. నడుము సీటుకి ఆని ఉంటే తొడనుంచి తొయ్యొచ్చు. మెట్టు ఎక్కేటప్పుడు కాలు ఎలా నొక్కుతామో అలాగ. పాదం ముందు భాగం, వేళ్ళ కింద ఉండే గట్టి భాగం, పెడల్ మధ్యలో పడాలి. తొక్కేటప్పుడు మడమ నేలమీంచి లేవనివ్వండి. వదిలేటప్పుడు మడమ నేలకి ఆనితే పట్టు బాగా తెలుస్తుంది.

పల్చటి, గట్టి అడుగున్న బూట్లు మంచివి. హవాయి చెప్పులు, వెనక పట్టీ లేని చెప్పులు ఈ పెడల్ మీద జారిపోతాయి, హీల్స్ అసలు వద్దు. చీరలో నడిపేవాళ్ళు కుచ్చిళ్ళు మడమ కింద పడకుండా సర్దుకుని కూర్చోండి. నేనైతే కారులో ఒక జత క్యాన్వాస్ బూట్లు ఎప్పుడూ ఉంచుతాను.

ఇంకో సంగతి, మన దగ్గర చాలామంది పట్టించుకోనిది. సెవెన్ డీ మ్యాట్లని దళసరివి వేయిస్తున్నారు కదా, అవి పెడల్ కింద ఎత్తు పెంచుతాయి. పెడల్ చివరిదాకా వెళ్ళదు, క్లచ్ పూర్తిగా విడిపడదు, గేరు కరకరలాడుతూ పడుతుంది. రివర్స్ గేర్‌లో ఇది ముందు తెలుస్తుంది. మా కారులో క్లచ్ కింద మ్యాటు ముక్క కత్తిరించి తీసేశాక ఆ చప్పుడు పోయింది.

పట్టే చోటు ఎక్కడుందో కాలికి నేర్పించడం

ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డో, ఊరి బయట ఖాళీ లేఅవుటో చూసుకోండి. నేల చదునుగా ఉండాలి. మొదట ఇంజన్ ఆపేసే ఉంచి, పెడల్ పదిహేను ఇరవైసార్లు తొక్కి వదలండి. వదిలేటప్పుడు పెడల్ మీ కాలిని తోసేస్తుంది. మామూలు క్లచ్‌కి అలవాటైన కాలు ఆ తోపుకి లొంగి ఒక్కసారిగా వదిలేస్తుంది, బండి ఎగిరి ఆగిపోయేది అందుకే. పెడల్ ఎంత వేగంగా పైకి రావాలో మీ తొడ చెప్పాలి, స్ప్రింగ్ చెప్పకూడదు.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయండి. హ్యాండ్ బ్రేక్ వేసి, కుడికాలు బ్రేక్ మీద ఉంచి, ఫస్ట్ గేర్ వేసి పెడల్‌ని పైకి రానివ్వండి. ఒకచోట ఇంజన్ శబ్దం కొంచెం బరువెక్కుతుంది, ఆర్‌పీఎం ముల్లు ఒక వెంట్రుకవాసి దిగుతుంది. అదే క్లచ్ పట్టే చోటు, బైటింగ్ పాయింట్ అంటారు. అక్కడికి రాగానే మళ్ళీ కిందికి తొక్కేయండి, ఆగవద్దు. ఆర్గానిక్ ప్లేటయితే ఎనిమిది పదిసార్లు చేయొచ్చు. సిరామిక్ అయితే నాలుగైదుసార్లు చేసి రెండు మూడు నిమిషాలు విరామం ఇవ్వండి, ప్రతిసారీ ప్లేటు వేడెక్కుతుంది.

ఆ చోటుకి మీ ఒంట్లోనే ఒక గుర్తు వెతుక్కోండి. నాకు దొరికిన గుర్తు ఇది. నా మోకాలికీ స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్‌కీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు ఉన్నప్పుడు మా క్లచ్ పడుతుంది. కారు నిలబెట్టి ఉన్నప్పుడు వేళ్ళు పెట్టి చూసుకున్నాను. ఇప్పుడు చూడాల్సిన పని లేదు, ఆ ఎత్తు మోకాలికే తెలుసు. మా మరిది కాళ్ళు పొడవు కాబట్టి తనకి మోకాలు గుర్తు కుదరలేదు. తన పిక్క సీటు అంచుని వదిలే క్షణాన్ని పట్టుకున్నాడు. మీ గుర్తు మీదే. పెడల్ వంక చూస్తూ నడపడం మాత్రం ఎప్పుడూ వద్దు.

బండి కదిలించడం

పెడల్ ప్రయాణాన్ని మూడు భాగాలుగా అనుకోండి. నేలనుంచి పట్టే చోటు దాకా ఒకటి, పట్టడం మొదలైనప్పటినుంచి పూర్తయ్యేదాకా రెండు, ఆ పైన మిగిలింది మూడు. మొదటిదీ మూడోదీ వేగంగా దాటేయొచ్చు, అక్కడ ఏమీ జరగదు. రెండోది చాలా చిన్నది, ఒక్కోసారి బొటనవేలి వెడల్పు కూడా ఉండదు. జాగ్రత్తంతా అక్కడే. మనలో చాలామంది మొత్తం ప్రయాణాన్నీ ఒకే నెమ్మదితో వదులుతాం, అందుకే కాలు అలిసిపోతుంది.

వరస ఇలా ఉండాలి. ముందు యాక్సిలరేటర్ కొంచెం తొక్కి ఆర్‌పీఎంని ఒకచోట నిలపండి. మా డీజిల్‌కి 1,200 నుంచి 1,500 చాలు. సిరామిక్ ప్లేటు, తేలిక ఫ్లైవీల్ ఉన్న పెట్రోల్ కారుకి 1,800 నుంచి 2,000 దాకా కావాల్సి రావచ్చు. ఆర్‌పీఎం నిలిచాక క్లచ్‌ని చకచకా పట్టే చోటుకి తెచ్చి, అక్కడినుంచి సుమారు ఒక సెకనులో దాటించండి. ఆ సెకనులో ఆర్‌పీఎం పడిపోతున్నట్టు వినిపిస్తే కుడికాలితో ఇంకాస్త ఇవ్వండి, ఎడమకాలిని వెనక్కి లాక్కోకండి. బండి కదలగానే పెడల్‌ని పూర్తిగా వదిలి, కాలిని పక్కనున్న ఫుట్ రెస్ట్ మీద పెట్టేయండి.

సిరామిక్ క్లచ్‌తో బండి గడగడా వణికితే, చాలామంది భయపడి క్లచ్‌ని ఇంకా మెల్లగా వదులుతారు. దాంతో వణుకు ఇంకా పెరుగుతుంది. ఆ ప్లేటుకి సగంలో ఉండటం పడదు. కాస్త ఎక్కువ రేస్‌తో, కాస్త చురుగ్గా దాటిస్తే వణుకు తగ్గిపోతుంది.

అలాగని ఇంజన్‌ని అరిపించి వదలొద్దు. ఇంజన్ వేగాన్ని ఒకచోట నిలిపి క్లచ్ వదులుతున్నప్పుడు, బండి ఆ వేగాన్ని అందుకునేదాకా పుట్టే వేడి ఇంజన్ వేగానికి వర్గంలా పెరుగుతుంది. అంటే 1,500 దగ్గర వదిలినదానికంటే 3,000 దగ్గర వదిలితే వేడి రెట్టింపుతో ఆగదు, సుమారు నాలుగింతలవుతుంది. సెకండ్ గేర్‌లో కదిలించినా ఇదే నష్టం. ఎప్పుడూ ఫస్ట్ గేర్‌లోనే బయల్దేరండి.

ఇంజన్ ఆగిపోతే ఆగిపోయిందని ఊరుకోండి. బ్రేక్, క్లచ్ తొక్కండి, న్యూట్రల్ చేయండి, స్టార్ట్ చేయండి. వెనక హారన్లు కొడతారు, కొట్టనివ్వండి. టెన్షన్‌లో గబగబా చేసిన రెండో ప్రయత్నమే ఎప్పుడూ మళ్ళీ ఆగేది. మా మరిదిని మొదటి పూట నలభైసార్లు కదిలించి ఆపమన్నాను. పది పదిసార్లకి ఒక విరామం. ముప్ఫై దాటాక ఇంజన్ ఆగడం మానేసింది.

స్టార్ట్ చేసేటప్పుడు ఒక అలవాటు మార్చుకోండి. గట్టి ప్రెషర్ ప్లేటుని తొక్కి పట్టినప్పుడు ఆ బలం క్రాంక్‌షాఫ్ట్‌ని ముందుకి నెడుతుంది, దాన్ని ఆపేది థ్రస్ట్ బేరింగ్. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో ఆ బేరింగ్ దగ్గర ఆయిల్ పలచగా ఉంటుంది. కాబట్టి మీ కారు ఒప్పుకుంటే న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, క్లచ్ తొక్కకుండా స్టార్ట్ చేయండి. క్లచ్ తొక్కితేగాని స్టార్ట్ కాని కార్లలో, ఇంజన్ అందుకోగానే న్యూట్రల్‌లోనే పెడల్ వదిలేయండి.

గేర్లు మార్చడం

కదిలించడం వచ్చాక ఇది తేలిక. తొక్కేటప్పుడు పూర్తిగా నేలదాకా తొక్కండి, ముప్పాతిక తొక్కి గేరు లాగితే గేరు చక్రాల వేగాలని కలిపే సింక్రోనైజర్లు అరుగుతాయి. పై గేరుకి వెళ్ళేటప్పుడు ఆర్‌పీఎం ఎంతకి పడితే కుదుపు లేకుండా కలుస్తుందో చెవితో పట్టుకోండి. మా కారులో రెండునుంచి మూడుకి 2,200 దగ్గర మారిస్తే, సుమారు 1,500కి దిగాక వదిలితే తెలియకుండా కలిసిపోతుంది. తేలిక ఫ్లైవీల్ ఉంటే ఈ దిగడం తొందరగా అవుతుంది, చెయ్యీ తొందరగా కదలాలి.

కింది గేరుకి వచ్చేటప్పుడు క్లచ్ తొక్కి ఉండగానే యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఆర్‌పీఎం పెంచి, అప్పుడు వదలండి. మామూలు క్లచ్ ఈ పని మనం చేయకపోయినా జారుతూ సర్దుకుపోతుంది. ఈ క్లచ్ సర్దుకోదు, బండి ముందుకి తూలుతుంది, వాన పడుతుంటే చక్రాలు జారే ప్రమాదం కూడా ఉంది. వేగం తగ్గించడం బ్రేక్ పని, దాన్ని క్లచ్‌తో చేయించకండి.

ట్రాఫిక్‌లో

హైదరాబాద్‌లో ఈ కారు నడిపేవాళ్ళు ఎక్కువమంది ఓడిపోయేది పంజాగుట్టలోనో, కూకట్‌పల్లిలోనో, సాయంత్రం ఏడింటికి. అక్కడ ముందు బండి మీటరు జరిగితే మనమూ మీటరు జరగాలనిపిస్తుంది. అలా జరిగిన ప్రతిసారీ ఒక హాఫ్ క్లచ్, అంటే పెడల్ సగంలో ఉంచి ప్లేటుని జారించడం. కిలోమీటరుకి వందసార్లు తొక్కుతాం. అది మానేయండి. ముందు రెండు కార్ల ఖాళీ వచ్చేదాకా ఆగి, ఒక్కసారే కదలండి. కదిలాక ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా బండిని దాని ఐడిల్ మీద నడవనివ్వండి. డీజిల్ ఇంజన్ చక్కగా నడుస్తుంది, మనిషి వడివడిగా నడిచే వేగం కంటే కొంచెం ఎక్కువ. కాళ్ళు రెండూ ఖాళీ, కుడికాలు బ్రేక్ మీద సిద్ధంగా ఉంటుంది. మీరు వదిలిన ఖాళీలోకి ఆటోలు, బైకులు దూరతాయి. దూరనివ్వండి. నేను ఇంటికి చేరే సమయంలో రెండు నిమిషాల తేడా కూడా రాలేదు.

సిగ్నల్ దగ్గర ఆగగానే న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. టైమర్ ఉన్న సిగ్నల్ అయితే ఐదు అంకె కనిపించాక తొక్కి గేరు వేస్తే సరిపోతుంది. తొక్కి పట్టుకుని కూర్చున్నంతసేపూ, డయాఫ్రమ్ స్ప్రింగ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్ మీద, థ్రస్ట్ బేరింగ్ మీద భారం పడుతూనే ఉంటుంది, మీ మోకాలి సంగతి సరేసరి. రిలీజ్ బేరింగ్ ధర పెద్దగా ఉండదు, కాని దాన్ని మార్చాలంటే మళ్ళీ గేర్‌బాక్స్ దింపాలి. నడుస్తున్నప్పుడు ఎడమకాలిని పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచే అలవాటు కూడా మానుకోండి.

మొదటి రెండు వారాలు రద్దీ లేని వేళల్లో వెళ్ళండి. అరగంటకోసారి దిగి, కాలు చాచి నడవండి. మోకాలికి, నడుముకి ఆపరేషన్ అయినవాళ్ళు, సయాటికా ఉన్నవాళ్ళు ఈ క్లచ్‌తో రోజూ ఆఫీసుకి వెళ్ళే ఆలోచన డాక్టర్‌ని అడిగాకే చేయాలి.

సెల్లార్ ర్యాంపు, ఎత్తు రోడ్లు

మన అపార్ట్‌మెంట్ల సెల్లార్ ర్యాంపు క్లచ్‌కి అన్నిటికంటే పెద్ద పరీక్ష. నిటారుగా ఉంటుంది, మలుపు ఉంటుంది, సగంలో ఎదురుగా ఎవరో దిగుతుంటారు. మా ర్యాంపు మీద ఒకసారి స్కూటర్ అడ్డం వచ్చి నడిమధ్య ఆగాను. వెనక్కి జారుతానన్న భయంతో క్లచ్ మీదే బండిని నిలబెట్టాను, ఓ పది సెకన్లు. పైకి వచ్చాక కాలిన అట్టముక్క లాంటి వాసన కారంతా నిండిపోయింది. ఆ తర్వాతనుంచి నా పద్ధతి ఇది. కింద చదునులో ఆగి, వాచ్‌మన్‌ని పైన ఎవరూ రావడం లేదని చూడమని, దారి ఖాళీ అన్నాకే ఎక్కుతాను. ఒక్క ఊపున, ఫస్ట్ గేర్‌లో, క్లచ్ పూర్తిగా వదిలేసి. రివర్స్‌లో ర్యాంపు ఎక్కడం మాత్రం వీలైనంతవరకు పెట్టుకోకండి. సాయంత్రం ముక్కుతో దిగి, చదునులోనే తిప్పుకుని పెట్టుకుంటే పొద్దున్న ముక్కుతోనే ఎక్కొచ్చు.

ఎత్తు మీద ఆగి కదలాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్ వాడండి, అది కొత్తవాళ్ళకే అన్న మాట నమ్మొద్దు. హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్ వేసి, చదునులో ఇచ్చేదానికంటే మూడు నాలుగు వందలు ఎక్కువ ఆర్‌పీఎం ఇవ్వండి. క్లచ్ పట్టే చోటుకి రాగానే బండి బిగుసుకుంటుంది, ముందు చక్రాలతో నడిచే కార్లలో ముక్కు కొంచెం లేస్తుంది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించి, క్లచ్ పూర్తి చేయండి. ఎత్తు మీద వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్ ఉన్న కార్లు బ్రేక్ వదిలాక సాధారణంగా రెండు మూడు సెకన్లే పట్టుకుంటాయి. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద అలవాటయ్యేదాకా దాన్నే నమ్ముకోవద్దు.

ఘాట్ రోడ్డు చూడటానికి భయంగా ఉన్నా నిజానికి సెల్లార్ ర్యాంపు కంటే సులువు, బండి ఆగకుండా పోతుంటుంది కాబట్టి. అనంతగిరి అయినా, శ్రీశైలం అయినా, తిరుమల రెండో ఘాట్ అయినా ఒక్కటే జాగ్రత్త. మెలికల మలుపుకి ముందే గేరు తగ్గించుకోండి. సెకండ్‌లో లోపలికి వెళ్ళి, బండి ఆయాసపడుతుంటే హాఫ్ క్లచ్‌తో లాగించడం ప్లేటుని కాల్చే పని. దిగేటప్పుడు క్లచ్ జోలికి పోకుండా, ఎక్కిన గేర్‌లోనే ఇంజన్ పట్టు మీద దిగండి.

కొత్తగా వేయించిన క్లచ్ అయితే

ప్లేటూ ఫ్లైవీలూ ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకోవడానికి సమయం పడుతుంది. డబ్బాతో వచ్చిన కాగితంలో ఎంతో రాసి ఉంటుంది, అదే పాటించండి. ఆర్గానిక్ ప్లేటుకి సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు చెబుతారు, కెవ్లార్‌కి ఇంకా ఎక్కువ. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. విజయవాడ వెళ్ళి వచ్చేసి "ఐదు వందలు దాటింది" అంటారు. హైవే మీద ఐదో గేర్‌లో క్లచ్ పని చేసేది ఎంత? కుదురుకునేది కిలోమీటర్లతో కాదు, ఎన్నిసార్లు పట్టి వదిలాం అన్నదానితో. ఊళ్ళో మామూలుగా ఆగుతూ కదులుతూ తిప్పిన కిలోమీటర్లే లెక్క. ఆ సమయంలో ఫుల్ యాక్సిలరేటర్ వద్దు, బరువులు లాగడం వద్దు, జారుతోందా అని పరీక్షించడం కూడా వద్దు.

వాసన, శబ్దం

వాసన వస్తే ఆ క్షణమే హాఫ్ క్లచ్ ఆపేయండి. పక్కకి తీసి, న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ పూర్తిగా వదిలేసి ఇంజన్‌ని ఐడిల్‌లో ఉంచండి. ప్లేటు జారకుండా ఫ్లైవీల్‌తో కలిసి తిరుగుతూ చల్లబడుతుంది. అరగంట ఇస్తే మంచిది. ఒకసారి వాసన వచ్చినంత మాత్రాన క్లచ్ పోదు, మళ్ళీ మళ్ళీ వస్తే ప్లేటు గాజులా నున్నబడి పట్టు పోతుంది.

పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గీ అని శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్‌ని అనుమానించండి. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు కటకటమంటూ, తొక్కగానే ఆగిపోతే, ముందు ఫ్లైవీల్ మార్చారో లేదో కనుక్కోండి. లోపల స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసి ఒంటి ఫ్లైవీల్ వేసిన డీజిల్ కార్లలో ఆ శబ్దం మామూలే. మార్చకపోయినా వస్తుంటే చూపించండి. పెడల్ మెత్తబడి, గేర్లు పడటం కష్టమైతే ఫ్లూయిడ్ చూడండి. చాలా కార్లలో క్లచ్‌కి, బ్రేక్‌కి ఒకటే డబ్బా, కాబట్టి అక్కడ ఫ్లూయిడ్ తగ్గిందంటే అది బ్రేక్ సమస్య కూడా.

తాళం ఇంకొకరికి ఇచ్చేటప్పుడు

ఫంక్షన్ హాల్లో బండి పార్క్ చేసే వాలే కుర్రాడికి, సర్వీస్ సెంటర్ డ్రైవర్‌కి, కార్ వాష్‌లో బండి జరిపే అబ్బాయికి ఈ క్లచ్ సంగతి తెలియదు. పాపం, వాళ్ళు మామూలు బండిలాగే వదులుతారు, అది ఎగిరి ముందున్నదాన్ని తగులుతుంది. నేనైతే వీలైనచోట నేనే పెట్టుకుంటాను. ఇవ్వక తప్పనప్పుడు తాళంతోపాటు రెండు మాటలు చెబుతాను. "బాబూ, క్లచ్ బరువు, నేలదాకా తొక్కు. కొంచెం రేస్ ఇచ్చి వదులు, ఒకసారి నా ముందు కదిలించి చూపించు." వాళ్ళు ఒక్కసారి కదిలించేదాకా అక్కడే నిలబడతాను. ఇంతవరకు ఎవరూ ఏమీ అనుకోలేదు. మా మరిది కూడా ఇప్పుడు కారు తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఇవే మాటలు చెబుతున్నాడు.